వాన వెలిశాక అందుకోని పాత బండి: ఆరబెట్టడమా, స్ప్రే కొట్టడమా, వైరు మార్చడమా?

రాత్రంతా వాన. పొద్దున్న ఎన్ని కిక్కులు కొట్టినా ఇంజను తిరుగుతుంది గానీ అందుకోదు. ఎండ కాసి పదిన్నర అయ్యేసరికి అదే బండి రెండో కిక్కుకే లేచిపోతుంది. పదేళ్లు దాటిన కార్బరేటర్ బండి ఉన్న ఇంట్లో, శ్రీకాకుళమైనా విజయనగరమైనా, జూన్ నుంచి నవంబరు దాకా ఇదే తంతు. సలహాలకైతే కొదవ లేదు. "ఏటి బావూ, ప్లగ్గు తీసి పొయ్యి మీద కాల్చు" అంటారొకరు. "స్ప్రే కొట్టీ, అయిపోద్ది" అంటారింకొకరు. షెడ్డులో అడిగితే పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్ విప్పాలంటారు, స్పేర్ల కొట్టులో అడిగితే వైరు మార్చమంటారు. నలుగురు చెప్పేదీ ఎక్కడో ఒకచోట పనిచేసేదే. మీ బండికి ఏది పనిచేస్తుందన్నదే తేలాలి.

ఎండలో బాగుండి, వానకి మాత్రమే మొండికేసే పెట్రోలు బండికి ప్లగ్ క్యాపు (ప్లగ్గు నెత్తిన తొడిగే మూత), దాని వెనకున్న వైరూ మార్చడమే మేలు. స్ప్రే ఆ రోజుకి ఆఫీసుకో బడికో చేరడానికి. ఆరబెట్టడం ఏ దారిలోనైనా తప్పదు, కానీ అది మందు కాదు. కార్బరేటర్ విప్పడం చివరి మాట. చాలామంది దాంతోనే మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకుంటారు.

వాన నీరు చేసేదేంటి?

ప్లగ్గు కొస దగ్గరుండే సందు మిల్లీమీటరు కూడా ఉండదు చాలా బండ్లలో. ఆ సందు దాటి నిప్పురవ్వ దూకాలంటే వోల్టేజి పెంచే కాయిల్ నుంచి పది, ఇరవై వేల వోల్టుల కరెంటు రావాలి. అంత ఒత్తిడి ఉన్న కరెంటు ఎక్కడ సులువుగా ఉంటే అక్కడికి పారిపోతుంది. రబ్బరు గట్టిగా ఉన్నన్నాళ్లూ పైన తడిసినా అది లోపలే ఉంటుంది. రబ్బరు ఎండకి పెళుసెక్కి, వెంట్రుకవాసి బీటలు పడ్డాక ఆ బీటల్లోకి దుమ్ము చేరుతుంది. దుమ్ము మీద తడి చేరితే కరెంటుకి కొత్త దారి దొరికినట్టే. ప్లగ్గు కొస దాకా వెళ్లకుండా క్యాపు మీంచే ఇంజను ఒంటి మీదికి దూకేస్తుంది.

ఒట్టి వాన నీటిలో కరెంటు పెద్దగా పారదు. దాన్ని పారించేది అందులో కలిసిన మురికి, ముఖ్యంగా ఉప్పు. నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి రోజూ తిరిగే బండికీ, కళింగపట్నం, భావనపాడు, బారువ, అటు విజయనగరం వైపు చింతపల్లి తీరంలో రాత్రుళ్లు ఆరుబయట ఉండే బండికీ ఆ ఉప్పు గాలి క్యాపు మీద, కాయిల్ మీద కనబడని పొరగా పేరుకుంటుంది. బొబ్బిలిలోనో గజపతినగరంలోనో అదే వయసు బండి ఇంకొన్నాళ్లు సతాయించకుండా లాగొచ్చు. తీరం బండికి ఆ వెసులుబాటు తక్కువ.

ఇంకో సంగతి. ఒకసారి కరెంటు అలా పక్కకి దూకిందంటే, దూకిన చోట సన్నటి నల్ల గీత కాలుతుంది. ఆ గీత బొగ్గు. బొగ్గులో కరెంటు పారుతుంది, తడి లేకపోయినా సరే. అందుకే ఈ జబ్బు మెట్టు మెట్టుగా ముదురుతుంది. మొదటి ఏడాది జోరు వానకే మొరాయిస్తుంది. తర్వాత పుష్యమాసపు మంచుకి కూడా. ఆ తర్వాత మామూలు రోజుల్లోనే యాక్సిలరేటర్ ఇస్తే టప్‌టప్‌మంటుంది. మొదటి మెట్టులో ఒక క్యాపుతో పోయేది మూడో మెట్టుకొచ్చేసరికి కాయిల్ దాకా పాకొచ్చు.

విప్పే ముందు ఐదు నిమిషాలు

పెట్రోలు ట్యాపు తెరిచి ఉందా, హ్యాండిల్ మీద ఎర్ర స్విచ్చు ఉంటే అది ఆన్‌లో ఉందా చూడండి. చెబితే నవ్వుతారు గానీ వానకి బండి తోసుకొచ్చి నీడన పెట్టేటప్పుడు ఆ స్విచ్చుకి చెయ్యి తగలడం మామూలే.

తర్వాత ప్లగ్గు. క్యాపు లాగేసి, ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలో నీళ్లూ ఇసకా లేకుండా గుడ్డతో అద్ది, సైకిల్ పంపుతో గాలి కొట్టాకే ప్లగ్ పానా పెట్టండి. ఇది మానేస్తే ఆ గుంటలో ఉన్నదంతా సిలిండర్‌లోకి జారుతుంది. బయటికి తీసిన ప్లగ్గు కొస తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే ఇంధనం వస్తోంది, కరెంటే రావడం లేదు. పొడిగా ఉంటే లోపం పెట్రోలు దారిలో ఉంది. ఈ ఒక్క తేడా చూడకుండా కార్బరేటర్ విప్పడమంటే పుండొకచోట, మందొకచోట.

తడిగా ఉంటే ప్లగ్గుని తుడిచి మళ్లీ క్యాపులో పెట్టండి. దాని ఇనుప మరని ఇంజను లోహానికి గట్టిగా ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా, పక్కకి పెట్టాలి. అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దాని ముందు నిప్పురవ్వ ఆడించకూడదు. నీలంగా, చిటుక్కుమని చప్పుడుతో పడితే కరెంటు బాగుంది. నారింజ రంగులో సన్నగా, పడీ పడనట్టు ఉంటే బలహీనం. ప్లగ్గుని లోహానికి ఆనించకుండా గాలిలో వేలాడదీసి కిక్కులు కొట్టకండి. కరెంటుకి దారి లేక సీడీఐ (సరైన క్షణంలో కాయిల్‌కి కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ డబ్బా), కాయిల్ దెబ్బతింటాయి.

ఇప్పుడు క్యాపుని వైరు నుంచి మర విప్పినట్టు ఎడమకి తిప్పి తీసేయండి. వైరు కొసని పొడి ప్లాస్టిక్ బట్టల క్లిప్పుతో పట్టుకుని, ఇంజను లోహానికి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంకొకరిని కిక్కు కొట్టమనండి. వైరు నుంచి నేరుగా లావుగా దూకి, క్యాపు పెడితే మాత్రం పడకపోతే దొంగ దొరికినట్టే. చేత్తో పట్టుకుంటే షాక్ గట్టిగానే కొడుతుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్ష జోలికి అసలు పోకూడదు.

వైరు నుంచి కూడా పడకపోతే కాయిల్ మీదికి పోయే ముందు తాళం స్విచ్చుని అనుమానించండి. పాత హీరో హోండా మోడళ్లలో సీడీఐ నుంచి తాళం స్విచ్చుకి నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు ఒకటి వెళ్తుంది. తాళం ఆఫ్ చేసినప్పుడు ఆ వైరుని ఎర్త్ చేసి ఇంజను ఆపడం దాని పని. తాళం రంధ్రంలోకి వాన నీరు దిగితే ఆన్‌లో ఉన్నా ఆ వైరు ఎర్త్ అవుతూనే ఉంటుంది. దాని జాయింటు తాత్కాలికంగా విడదీసి కిక్కు కొట్టండి. కరెంటు వచ్చేసిందంటే తప్పు స్విచ్చుదే. అలా విడదీసినప్పుడు తాళంతో ఇంజను ఆగదని గుర్తుంచుకోండి. నాలుగో గేరులో పెట్టి బ్రేకు నొక్కి క్లచ్ వదిలితే ఆగిపోతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఎండ రోజుల్లో, రాత్రిపూట చెయ్యాలి. బండి స్టార్ట్ చేసి లైట్లన్నీ ఆపేయండి. ఇస్త్రీకి వాడే నీళ్ల సీసాతో ప్లగ్ క్యాపు మీద, వైరు పొడవునా, కాయిల్ మీద సన్నటి తుంపర కొట్టండి. చెయ్యి అడుగు దూరంలోనే ఉండాలి. ఎక్కడ లీకైతే అక్కడ చీకట్లో నీలిరంగు పురుగు పాకినట్టు కనబడుతుంది, టిక్కు టిక్కుమని వినబడుతుంది. ఇంజను కూడా ఆ క్షణంలో తడబడుతుంది. పగలు గంటసేపు వెతికినా కనబడని బీట ఇలా అర నిమిషంలో బయటపడుతుంది.

ఆరబెట్టడం

ఖర్చు లేనిది, ముందు చేయాల్సిందీ ఇదే. క్యాపు తీసి లోపల పొడి నూలు గుడ్డ మెలి పెట్టి తిప్పండి. క్యాపు, వైరు, కాయిల్ మీద సైకిల్ పంపుతో గాలి కొట్టండి. ఇంట్లో జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ ఉంటే ఐదు నిమిషాలు చాలు. ప్లగ్గుని పొయ్యి మీద కాల్చమనే సలహా పూర్తిగా తప్పేం కాదు, పెట్రోలుతో తడిసిన ప్లగ్గు అలా త్వరగా ఆరుతుంది. సన్నటి సెగ మీద, ఇనుప భాగాన్ని పట్టకారుతో పట్టుకుని నిమిషం పెడితే చాలు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే తెల్ల పింగాణీ చిట్లుతుంది. చిట్లిన ప్లగ్గు ఇక పారేయడానికే. వేడి చల్లారాకే బిగించాలి.

ఈలోగా కొట్టిన ముప్పై కిక్కులకి సిలిండర్ పెట్రోలుతో నిండి ఉంటుంది. చోక్ (పెట్రోలు పాలు పెంచే మీట) ఆఫ్‌లో ఉంచి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని ఐదారు కిక్కులు కొడితే ఆ పెట్రోలు బయటికి పోతుంది. మామూలుగా స్టార్ట్ చేసేది ఆ తర్వాతే. వాన రోజు చోక్ లాగాలనుకోవడం ఒక అలవాటు. తడిసిన ప్లగ్గుకి చోక్ పెట్టడమంటే మునిగినవాడి మీద బిందె కుమ్మరించడమే.

ఆరబెట్టడం ఒక్కటే సరిపోయే సందర్భాలు ఉన్నాయి. బండి కడిగించినప్పుడు పంపు ధార నేరుగా క్యాపు కిందికి కొట్టి ఉంటే, క్యాపు కొత్తదైతే, ఆరాక మళ్లీ రాదు. ఆరబెట్టిన ప్రతిసారీ లేచి, వాన పడిన ప్రతిసారీ పడుకునే బండికి ఆరబెట్టడం వాయిదా మాత్రమే. వాన తెరిపివ్వకుండా మూడు రోజులు పట్టుకుంటే ఎండ ఎక్కణ్నుంచి తెస్తారు?

స్ప్రే

నీటిని తోసేసే స్ప్రేలు స్పేర్ల కొట్లలో చిన్న డబ్బాల్లో దొరుకుతాయి. బాగా తెలిసింది డబ్ల్యూడీ-40. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తొలగించడం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన కలయిక. కాబట్టి ఇది దాని అసలు పనే. తడి మీద కొడితే పల్చటి నూనె నీటి కిందికి దూరి దాన్ని లోహం నుంచీ రబ్బరు నుంచీ లేపేస్తుంది.

వాడే తీరు ముఖ్యం. ఇంజను చల్లగా ఉండాలి. క్యాపు తీసి లోపల ఒక్క పిచికారీ, వైరు పొడవునా పల్చగా, కాయిల్ రెండు కొసల దగ్గర కొద్దిగా కొట్టి గుడ్డతో తుడవాలి. తర్వాత కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. దానిలోని ద్రావకం మండుతుంది. అది ఆవిరై పోకముందే కిక్కు కొట్టి, బీటలోంచి నిప్పురవ్వ దూకితే అంటుకుంటుంది. తొందరలో చాలామంది చేసే పొరపాటిది.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఆ నూనె పొర కరెంటుని ఆపే గట్టి తొడుగు కాదు, కొద్ది రోజుల్లో పోతుంది. పోయేలోగా దుమ్ముని పట్టుకుని ఉంచుతుంది. ప్రతి వానకీ కొట్టేవారి బండి చూస్తే క్యాపు చుట్టూ నల్లటి జిడ్డు అట్టకట్టి ఉంటుంది, తర్వాత వానకి ఆ జిడ్డే దారి ఇస్తుంది. గుడ్డిలో మెల్ల. బండి డిక్కీలో ఒక చిన్న డబ్బా ఉండటం మంచిదే, దాన్ని వైద్యం అనుకోకపోతే చాలు. ఆ డబ్బా డబ్బుతో ఒక మంచి ప్లగ్ క్యాపు వచ్చేస్తుంది. స్ప్రేకి బదులు పెట్రోలో కిరసనాయిలో పూసి తుడిచేవారు కూడా ఉన్నారు. ఆ పని మాత్రం వద్దు. రబ్బరు ఉబ్బుతుంది, నిప్పు భయం సరేసరి.

క్యాపు, వైరు మార్చడం

బైకుకైతే ఇది పావుగంట పని. కొట్టులో క్యాపు అడిగేటప్పుడు బండి పేరు ఒక్కటే చెప్పకుండా పాతది చేత్తో పట్టుకెళ్లండి. వంపు కోణం, లోపల ప్లగ్గుని పట్టే భాగం సరిపోవాలి. క్యాపుకి రెండు చివరలా, అంటే వైరు వచ్చే వైపూ ప్లగ్గు వైపూ, రబ్బరు మూతలు విడిగా ఉన్నదే తీసుకోండి. చవక క్యాపుల్లో వైరు వైపు రబ్బరు ఉండదు. తడి దూరేది సరిగ్గా అక్కడే. చాలా క్యాపుల్లో ఐదు కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే కొట్టులోనే చూసుకోవచ్చు. పాత క్యాపు కొలిస్తే మీటరు కదలకపోతే లోపల రెసిస్టర్ తెగినట్టు.

బిగించే ముందు వైరు కొస చూడండి. రాగి తీగలు పచ్చబడి ఉంటే ఐదు మిల్లీమీటర్లు కోసేసి మెరిసే రాగి కనబడేలా చెయ్యండి. కొత్త క్యాపు లోపల స్క్రూ లాంటి మొన ఉంటుంది. అది సరిగ్గా రాగి మధ్యలోకి దిగేలా, క్యాపుని కుడికి తిప్పుతూ గట్టిగా పట్టేదాకా ఎక్కించండి. ఇది రాగి తీగ ఉన్న బైకు వైర్లకే. కార్లలో చాలావాటికి లోపల రాగి ఉండదు, కార్బన్ దారం ఉంటుంది, దాన్ని కోసి వాడటం కుదరదు.

క్యాపు లోపలి రబ్బరు అంచుకి పప్పుగింజంత సిలికాన్ గ్రీజు రాస్తే తడి లోపలికి పోదు, తర్వాత తీసేటప్పుడు పట్టెయ్యదు. కొట్టులో డైఎలెక్ట్రిక్ గ్రీజు అని అడిగినా ఇస్తారు. చక్రాలకి పెట్టే మామూలు గ్రీజు రాయకండి, రబ్బరుని తినేస్తుంది. ప్లగ్గు కూడా పాతదైతే ఈ చేత్తోనే మార్చేయండి. సందు బండి పుస్తకంలో రాసినంతే ఉండాలి, ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులతో) కొలవాలి. మోడల్‌ని బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల దాకా తేడా ఉంటుంది. అరిగి సందు పెరిగిన ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి కావాలి. అంత వోల్టేజి ఎక్కేలోగా కరెంటు బీటలోంచి పక్కకి పోతుంది. క్యాపు మార్చినా తగ్గలేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ప్లగ్గువే. కొత్త ప్లగ్గుని చేత్తో చివరి దాకా తిప్పి, పానాతో ఇంకో అర చుట్టు బిగిస్తే చాలు.

బీట వైరులో ఉంటే చిక్కు. కొన్ని కాయిళ్లకి వైరు ఊడొస్తుంది, కొన్నిటికి కాయిల్‌తో కలిపి అచ్చు పోసి ఉంటుంది. అచ్చు పోసినదైతే మొత్తం కాయిల్ మార్చాలి. మధ్యలో కోసి ముడేసి నల్ల టేపు చుట్టించుకోకండి. ఆ టేపు ఇంటి వైర్లకి, బ్యాటరీ వైర్లకి సరిపోతుందేమో గానీ పది వేల వోల్టుల్ని ఆపలేదు. మొదటి వానకే అక్కడ్నుంచి దూకుతుంది.

కార్బరేటర్ ఎప్పుడు?

ప్లగ్గు పొడిగా ఉన్నప్పుడు, లేదా స్టార్టయి రెండు నిమిషాలకే గుటకలు వేసి ఆగిపోతున్నప్పుడు. అప్పుడైనా పూర్తిగా విప్పక్కర్లేదు. కార్బరేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోలుని గాజు సీసాలో పట్టండి. నీరు బరువైంది కాబట్టి అడుగున విడిగా నిలుస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్దిగా అయితే కలిసిపోయి కాలిపోతుంది, ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. రెండు మూడు వారాలు కదలకుండా, ట్యాంకు సగం ఖాళీగా ఉన్న బండికి ఈ బెడద ఎక్కువ. ట్యాంకు మూత చుట్టూ పల్లం ఉండే మోడళ్లలో ఆ పల్లానికి చిన్న రంధ్రం, కిందికి సన్నటి గొట్టం ఉంటాయి. మట్టితో అవి పూడుకుంటే వాన నీరు మూత చుట్టూ నిలిచి ట్యాంకులోకే దిగుతుంది. సన్నటి తీగతో పొడిచి తీస్తే చాలు.

ఎయిర్ ఫిల్టర్ కూడా ఒకసారి చూడండి. స్పాంజిదైతే పిండి ఆరబెట్టి, కొద్దిగా ఆయిల్ తడిపి పెట్టుకోవచ్చు. కాగితపుదైతే తడిశాక మార్చడమే.

కార్లు: మూత మార్చాలా, పాయింట్లు తీసేయాలా?

పాత మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్ ఉన్నవారికి ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటుని వరసగా ఒక్కో ప్లగ్గుకి పంచే భాగం) మూత, దాని లోపల తిరిగే రోటర్, వైర్లు మార్చుకోవాలా? లేక కాయిల్‌కి వెళ్లే కరెంటుని కలిపి తెంపే పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు వేయించుకోవాలా? "ఎలక్ట్రానిక్ వేయించుకుంటే వాన బాధే ఉండదండీ" అని చెప్పి అమ్ముతుంటారు. అది సగం నిజం. కిట్టు మార్చేది పాయింట్లు చేసే పనిని, అంటే 12 వోల్టుల వైపుని. వేల వోల్టులు మోసే మూత, రోటర్, ప్లగ్గు వైర్లు పాతవే ఉంటాయి. తడికి కరెంటు పారిపోయేది వాటి మీంచే. బీటలున్న మూత మీద కిట్టు వేస్తే ఇంకా బలమైన కరెంటు ఇంకా గట్టిగా పక్కకి దూకుతుంది.

అందుకే వాన సమస్యకి మూత, రోటర్, వైరు సెట్టు మూడూ కలిపి మార్చడమే ముందు. రెండు క్లిప్పులు విప్పితే మూత వచ్చేస్తుంది. లోపలి వైపు ఎండలో పట్టి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు ఒక లోహపు మొన నుంచి ఇంకోదానికి నల్ల గీత ఉంటే దాన్ని బ్లేడుతో గీకి నాలుగు రోజులు నడపొచ్చు, అంతే. మధ్యలో ఉండే బొగ్గు ముక్క స్ప్రింగు మీద లోపలికీ బయటికీ ఆడాలి. అది విరిగినా అరిగినా మూత మార్చాల్సిందే. లోపల ఒట్టి చెమ్మ మాత్రమే ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే బండి లేస్తుంది. స్ప్రే మూతకే కొట్టి తుడవండి, పాయింట్ల మీద పడనివ్వకండి. నూనె పడిన పాయింట్లు నల్లగా కాలిపోతాయి. పాయింట్ల మధ్య చెమ్మ ఉంటే శుభ్రమైన తెల్ల కాగితం ముక్క దూర్చి లాగితే చాలు. మారుతి 800లో పాయింట్ల సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు.

వైర్లు ఒక్కొక్కటిగా తీసి ఒక్కొక్కటిగా కొత్తది పెట్టండి. అన్నీ ఒకేసారి పీకితే వరస తప్పుతుంది. మారుతి 800 మూడు సిలిండర్లకి 1-3-2, అంబాసిడర్‌కి 1-3-4-2. పాత వైర్లని మల్టీమీటర్‌తో కొలిచి, మిగతావాటి కన్నా ఏదైనా మరీ ఎక్కువ చూపిస్తే అదే చెడ్డది.

కిట్టు దండగ అని కాదు. పాయింట్లు తరచూ కాలిపోతుంటే, బ్యాటరీ కాస్త నీరసంగా ఉన్నా స్టార్ట్ కావాలంటే కిట్టు మంచిదే. కానీ టెక్కలి దాటి హైవే మీద పాయింట్లు మొరాయిస్తే ఉప్పు కాగితం ముక్కతో రుద్ది ఇల్లు చేరొచ్చు. కిట్టు చచ్చిపోతే కారు లాక్కెళ్లడమే. కిట్టు వేయించుకున్నా తీసిన పాయింట్ల సెట్టుని కారులోనే దాచుకునేవారిది తెలివైన పని.

సెల్ఫ్ కొడితే ఇంజనే తిరగక టకటకమంటే అది తడి సమస్య కాదు, బ్యాటరీది. నిలకడగా 12.6 వోల్టులుండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడకూడదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజను ఒంటికి మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినట్టు. తీరం బండ్లలో బ్యాటరీ కన్నా ముందు ఆ పట్టీయే పోతుంది. సెల్ఫ్ ఐదు సెకన్లకి మించి పట్టకండి, మళ్లీ కొట్టే ముందు అర నిమిషం ఆగండి. ఇక తోసి స్టార్ట్ చేయడం బ్యాటరీ నీరసానికి పనికొస్తుంది, కరెంటే రాని ప్లగ్గుకి ఊరంతా వచ్చి తోసినా ఉపయోగం లేదు.

డీజిలు జీపుకీ ట్రాక్టరుకీ నిప్పురవ్వ ప్లగ్గే లేదు కాబట్టి ఈ గొడవ లేదు. డీజిలు ఫిల్టర్ అడుగున నీరు వదిలే స్క్రూ ఉంటుంది, డీజిలు ధార తేటగా వచ్చేదాకా వదిలితే చాలు.

తడిసిన బండి వేరు, మునిగిన బండి వేరు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడూ, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటినప్పుడూ కురిసినట్టు కురిసి ఇంజను సగం దాకా నీళ్లు వస్తే పైన చెప్పినదేదీ వర్తించదు. కిక్కు, సెల్ఫ్ రెండూ ముట్టకండి. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గు తీసేయాలి. క్యాపు, వైరు రంధ్రానికి దూరంగా పెట్టి, తాళం ఆఫ్‌లో ఉంచి, మెల్లగా పది కిక్కులు కొట్టి నీరు బయటికి పంపాలి. ఆయిల్ గేజ్ తీసి చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే ఆయిల్ మార్చి, ఐదు నిమిషాలు నడిపి, మళ్లీ ఇంకోసారి మార్చాలి.

కవరా, షెడ్డా, మడ్‌ఫ్లాపా?

బైకులకి నీళ్లు పైనుంచి పడటం కన్నా ముందు చక్రం కిందినుంచి చిమ్మడమే ఎక్కువ. ఇంజను ముందుకి వాలి ఉండే స్ప్లెండర్ లాంటి బండ్లలో ఆ ధార ప్లగ్గు వైపే వస్తుంది. ముందు మడ్‌గార్డు కింది అంచుకి బెత్తెడు వెడల్పు రబ్బరు ముక్క రెండు బోల్టులతో బిగిస్తే, నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తుదాకా దిగేలా ఉంటే, ఆ ధార ఆగిపోతుంది. ఖర్చుకి ఫలితం లెక్కేస్తే మూడిటిలో ఇదే ముందు. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టేవారున్నారు. ఇంజను వేడికి అది కరిగి ఫిన్నులకి అంటుకుంటుంది, లోపల ఆవిరి నీరై కూర్చుంటుంది.

తడిసి వచ్చిన బండి మీద వెంటనే కవరు కప్పితే కప్పకపోవడం కన్నా చేటు. పక్కలు తెరిచి ఉన్న రేకుల షెడ్డు మంచిది, గాలి ఆడుతుంది. కవరే దిక్కయితే ఇంజను చల్లారి తడి ఆరాక కప్పి, అడుగున జానెడు ఎత్తు వదలండి. మట్టి నేల మీద కన్నా సిమెంటు గచ్చు మీద పెట్టండి. మట్టి నుంచి లేచే చెమ్మ కవరు కిందే తిరుగుతుంది.

క్యాపు మార్పు దసరా లోపే చేయించుకోండి. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఇటు విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జనం మధ్య తిరిగే రోజులకి అటూఇటూగానే మన తీరానికి తుపాన్లు వస్తుంటాయి. ఆ జనంలో మొండికేసిన బండి తోసుకెళ్లడం మాటలు కాదు. కొత్త క్యాపు బిగించిన రాత్రే లైట్లు ఆపి మళ్లీ నీళ్ల సీసాతో తుంపర కొట్టి చూడండి. క్యాపు దగ్గర ఏమీ కనబడక, కాయిల్ వైపు నీలి గీత మెరిస్తే అక్కడ వైరు దూరే చోట ఉండే రబ్బరు మూత జారిపోయిందేమో చూసి వెనక్కి నెట్టండి. అది చీలి ఉంటే మాత్రం కాయిల్ కూడా మార్చాల్సిందే.